హోక్: చెక్కిన మాట

తమ్ముడూ,

బైబిలులోని హీబ్రూ మాట ‘హోక్’ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ‘హోక్ అంటే చట్టం’ అని మొదటి వాక్యంలోనే తేల్చేశావు. నిఘంటువు చెప్పేదీ అదే, తప్పు పట్టను. కానీ తర్వాతి నాలుగు పేజీల్లో ఆ మాట వాడిన ఒక్క వచనమూ లేదు.

హోక్ పుట్టిన హీబ్రూ ధాతువుకు చెక్కడం అని అర్థం. ఇటుక తీసుకుని దానిమీద యెరూషలేమును గీయమని యెహెజ్కేలు ప్రవక్తకు దేవుడు చెప్పినచోట ఉన్న క్రియ అదే. యెషయా 49:16లో ‘నా యరచేతులమీదనే నిన్ను చెక్కియున్నాను’ అన్నదీ అదే. చెక్కింది తుడిస్తే పోదు కనుక ఆజ్ఞకు ఆ పేరు వచ్చింది.

మనకూ ఇలాంటి మాటొకటి ఉంది: శాసనం. కడప జిల్లా కలమళ్లలో రాతిమీద ఉన్నదీ శాసనమే, అసెంబ్లీ చేసేదీ శాసనమే. కాకపోతే దారి ఎదురు. హీబ్రూలో ఉలి ముందు, ఆజ్ఞ తర్వాత. మనకు ఆజ్ఞ ముందు, రాయి తర్వాత. ఇది రాయాలనిపిస్తే జాగ్రత్త: తెలుగు బైబిలు 119వ కీర్తనలో ‘శాసనములు’ అన్నది వేరే హీబ్రూ మాటకు. హోక్‌కు వాడింది ‘కట్టడ’. ఐదో వచనం చూడు. కట్టు నుంచి పుట్టిన మాట, కట్టడికి తోబుట్టువు. ఎంత బాగా కుదిరిందో!

అలాగని ధాతువు దొరికిందని అక్కడే ఆగిపోకు. నేను చిన్నప్పుడు అలాగే ఆగి ఒక వ్యాసం పాడుచేసుకున్నాను. నిర్గమకాండము 5:14లో హోక్ అంటే బానిసలు రోజూ చేయాల్సిన ఇటుకల లెక్క. ఆదికాండము 47:22లో ఫరో యాజకులకిచ్చే బత్తెం. సామెతలు 30:8లో మనిషికి సరిపడా అన్నం. అక్కడ ‘చట్టం’ అని పెట్టి చదువు, వాక్యం నిలబడదు. ఇంత అని కొలిచి నిర్ణయించినది, దాటకూడనిది అంటేనే అన్నీ ఒక్కచోటికి వస్తాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది యిర్మీయా 5:22. సముద్రానికి ఇసుకను హద్దుగా పెట్టానంటాడు దేవుడు. అలలు ఎంత పొర్లినా, ఎంత ఘోషించినా దాన్ని దాటలేవు. ఆ హద్దు పేరు హోక్. రాతిమీద చెక్కడం నుంచి పుట్టిన మాట, గాలికి ఎగిరే ఇసుకలో నిలబడి సముద్రాన్ని ఆపుతోంది. నీ వ్యాసం ఇక్కడే మొదలవ్వాలి.

ఆ అధ్యాయం మొత్తం చదివి, నిఘంటువు మూసి, మళ్లీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

మీ అన్నయ్య