ట్యూబు మీద టైము

చి.సౌ. బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన రిపోర్టు చూశాను తల్లీ. సీరం కార్టిసాల్ 4.1, పక్కనే 'తక్కువ' అని ఎర్ర అక్షరాలు. అది చూసి రాత్రంతా కన్ను మూయలేదని మీ అమ్మ చెప్పింది. నేను అంకె కంటే ముందు రక్తం తీసిన టైము వెతికాను. సాయంత్రం 4:50. పక్కన వేసిన రేంజి, అంటే మామూలుగా ఉండాల్సిన అంకెల హద్దు, మాత్రం ఉదయం 8 గంటలది. ఆ రెంటినీ పోల్చి చూడకూడదు.

కార్టిసాల్ అనే హార్మోను మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల్లో తయారవుతుంది. తెల్లవారుజాము నుంచి పెరుగుతూ వచ్చి, మనం నిద్ర లేచిన కాసేపటికి బాగా హెచ్చుతుంది. పొద్దెక్కే కొద్దీ దిగుతూ అర్ధరాత్రికి అడుగంటుతుంది. ఉదయం డెసిలీటరుకు సుమారు 5 నుంచి 25 మైక్రోగ్రాముల దాకా చాలా ల్యాబులు మామూలే అంటాయి. సాయంత్రానికి అందులో సగమో, ఇంకా తక్కువో ఉంటుంది. నీ 4.1 సాయంత్రం లెక్కలో వింత కాదు. అయితే నెలలో రెండు వారాలు నైట్ షిఫ్టు అన్నావు కదా, అలాంటివాళ్ల ఒంట్లో ఈ గడియారం అటూ ఇటూ జరుగుతుంది. ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పు.

టైము గురించి ఇంతలా చెప్పడానికి కారణం ఉంది. నేను ల్యాబులో చేరిన కొత్తలో ఒకావిడ 7:30కే వచ్చి చీటీ రాయించుకుంది. రద్దీలో నా దగ్గరికి వచ్చేసరికి 11 దాటింది. నేను ట్యూబు మీద చీటీలో ఉన్న టైమే వేశాను. అంకె తక్కువొచ్చింది. ఈ గ్రంథులు సరిగా పనిచేయని అడిసన్స్ జబ్బేమోనని ఇంజెక్షన్ ఇచ్చి చేసే ఇంకో పరీక్షకు పంపారు. ఏమీ లేదని తేలేదాకా పది రోజులు ఆ ఇంట్లోవాళ్లు పడ్డ బెంగ నా చేతిరాత వల్లే. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా గోడ గడియారం చూడకుండా ట్యూబు మీద పెన్ను పెట్టలేదు.

ఇక మందులు. ఏదీ దాచకు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వేసుకుంటే చాలా మెషీన్లు దాన్ని కూడా కార్టిసాల్ కింద లెక్కేస్తాయి. డెక్సామెథసోన్ అనే ఇంకో స్టెరాయిడ్ అయితే గ్రంథినే నిద్రపుచ్చుతుంది. ఆస్తమా పంపు, చర్మానికి రాసే స్టెరాయిడ్ క్రీము, కీళ్లలో వేసే ఇంజెక్షను కూడా చెప్పాల్సినవే. మోకాళ్ల నొప్పులకని ఊళ్లో ఇచ్చే పేరులేని పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపేవాళ్లున్నారు, మీ నానమ్మ విషయంలో జాగ్రత్త. గర్భనిరోధక మాత్రలు అంకెను పెంచి చూపిస్తాయి. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ కొన్ని మెషీన్లను తప్పుదారి పట్టిస్తుంది. అలాగని స్టెరాయిడ్ వాడేవాళ్లు పరీక్ష కోసం సొంతంగా ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు చెబితేనే ఆపాలి.

అన్నిటికన్నా నా మనసుకు కష్టంగా ఉన్నది వేరే. టెన్షన్ ఎంతుందో తెలుస్తుందని ఆ పరీక్షల ప్యాకేజీ కొన్నానన్నావు. ఈ పరీక్ష చేసేది అందుకు కాదమ్మా. గ్రంథి చచ్చుబడిందా, మరీ ఎక్కువ పనిచేస్తోందా అని డాక్టరుకు అనుమానం వస్తే చేయిస్తారు. బరువు తగ్గిపోతూ, లేచి నిలబడితే కళ్లు తిరుగుతూ, చిగుళ్లు, అరచేతి గీతలు నల్లబడుతుంటే ఒక దారి. ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద ఊదారంగు చారలు వచ్చి, చిన్న దెబ్బకే చర్మం కమిలితే ఇంకో దారి. ఈ రెండోదాన్ని ఉదయం తీసిన ఒక్క రక్తంతో తేల్చరు. రాత్రి 11 గంటలకు 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మింగించి మర్నాడు 8కి రక్తం తీస్తారు. కార్టిసాల్ 1.8 కంటే తక్కువకు దిగితే మామూలే. అర్ధరాత్రి లాలాజలం, 24 గంటల మూత్రం కూడా పట్టించొచ్చు. నీకు ఈ లక్షణాలేవీ ఉన్నట్టు నాకు కనబడలేదు. నిద్ర పట్టకపోవడం, మేనేజరు ఫోను మోగితే గుండె దడ, ఇంటి లోను గురించిన బెంగ ఏ ట్యూబులోనూ కనబడవు. అవి నాకు చెప్పు, లేదా మంచి సైకియాట్రిస్టుకు చెప్పు.

రిపోర్టు ముందు మీ ఫిజీషియన్‌కు చూపించు. మళ్లీ చేయించమంటే ముందురోజు జిమ్ మానెయ్, వేళకు పడుకో. బండి మీద పరుగున రావద్దు, 7:30కల్లా చేరి అరగంట ఊరికే కూర్చో. సూదంటే నీకున్న భయం కూడా అంకెను పెంచగలదు, అందుకని నాకు ముందే ఫోన్ చెయ్యి. మల్కాజిగిరి నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చేస్తాను. నీ పక్కన కూర్చుంటాను, ట్యూబు మీద ఏ టైము వేస్తున్నారో నేనే చూస్తాను.

మీ పెద్దమ్మ