చేలో దిగడానికి డిగ్రీ ఎందుకంటున్నారు నాన్న

ప్రశ్న: మేడమ్ గారూ, మాది రాజోలు దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ అయింది. బీఎస్సీ అగ్రికల్చర్ చదవాలని ఉంది. ‘‘చేలో దిగడానికి డిగ్రీ ఎందుకమ్మా?’’ అంటున్నారు నాన్న. ఏం చెప్పను?

జవాబు: తల్లీ, మా నాన్నగారూ ఇదే మాటన్నారు. రెండో ఏడు సెలవులకు ఇంటికొచ్చేసరికి మా వరి చేను అక్కడక్కడా గుండ్రంగా ఎండిపోయి ఉంది. ఆయన ఆకుల మీద మందు కొట్టిస్తున్నారు. నేను దిగి ఒక దుబ్బు విడదీసి చూపించాను. నీటికి నాలుగు వేళ్ల పైన, మొదలు చుట్టూ రసం పీల్చే పురుగు, సుడిదోమ! మందు పడాల్సింది అక్కడ. మరుసటి సార్వా నాట్లకి నన్నడిగి మరీ మొదళ్లకు గాలీ వెలుతురూ తగిలి సుడిదోమ తగ్గేలా ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలారు. ఆ రోజు నాకెంత సంతోషమో చెప్పలేను.

మీ నాన్నగారికి స్వర్ణ వరి రకం తెలిసే ఉంటుంది. ఆ ఎంటీయూ 7029 మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిందే. 1982లో విడుదలైంది. వ్యవసాయం చదివినవాళ్లే దాన్ని తయారుచేశారు.

కోర్సు నాలుగేళ్లు. ఈఏపీసెట్ ప్రవేశ పరీక్షలో ర్యాంకు కావాలి. రైతు కోటా ఉంది, పొలం కాగితాలు ఇప్పుడే సర్దుకో. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ వర్సిటీ కాలేజీ రాజమహేంద్రవరంలోనే ఉంది కాబట్టి దూరం గురించి టెన్షన్ వద్దు. చివరి ఏడు పల్లెల్లో రైతులతో కలిసి పనిచేయాలి. నాకన్నిటికంటే నచ్చింది అదే. ముందు నాన్నగారిని ఒకసారి మార్టేరు తీసుకెళ్లు.