సున్నపురాయి లోయలో నీటి లెక్క: ముందు ఊట, తర్వాతే బోరు

చెన్నై

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ ప్లాను చదివాను. కుందూ లోయలో నలభై బోర్ల నీటిమట్టాలు కొలిచి, ఒకే మట్టమున్న చోట్లు కలిపే కాంటూరు మ్యాపు గీసి, నాలుగు చోట్ల బోరు తోడుతూ మట్టం ఎలా దిగుతుందో చూసే పంపింగ్ టెస్టు చేస్తానన్నావు. మీ బెంగళూరు చుట్టుపక్కల గ్రానైటు, నైస్ రాళ్లలో అయితే దీనికి వంక పెట్టను. కుందూ లోయలో ఉన్న నార్జి సున్నపురాయిలో మాత్రం ఈ వరస తిరగెయ్యాలమ్మా. ముందు ఊటలు, ఆ తర్వాత వాగు, చివర్న బోర్లు.

ఎందుకంటావా, బెలుం గుహల మ్యాపు ముందు పెట్టుకో. 1982-83లో డేనియల్ గెబావర్ బృందం సర్వే చేసింది. ఇప్పటికి 3,229 మీటర్ల దారులు లెక్కకొచ్చాయి. కళ్లు మూసుకుని ఆ కాగితం మీద పెన్సిలుతో ఇరవై చుక్కలు పెట్టు, ఎన్ని దారిలో పడ్డాయో చూడు. ఆ రాతిలో బోరు వెయ్యడం అచ్చం అంతే. దారికి తగలని బోరు తన చుట్టూ ఉన్న పగుళ్ల సంగతే చెబుతుంది. పది గజాల అవతల గుల్ల (రాయి కరిగి ఏర్పడ్డ ఖాళీ) తగిలిన బోరు మట్టం ఇంకోలా ఉంటుంది. ఆ రెంటినీ కలిపి గీసిన కాంటూరు గీతలు చూడ్డానికి బాగుంటాయి కానీ కింద నీళ్లు ఆ గీతల ప్రకారం పారవు. ఊట అలా కాదు. వాన ఎక్కడెక్కడ ఇంకినా చివరికి బయటపడేది అక్కడే కాబట్టి, పరీవాహకం మొత్తం లెక్క దాని దగ్గర దొరుకుతుంది.

ఊట కాలువకు అడ్డంగా 90 డిగ్రీల వీ-నాచ్, అంటే V ఆకారంలో గాటు కోసిన రేకు, పెట్టు. మీ బెంగళూరు పీణ్యలో ఏ షీట్ మెటల్ షాపులోనైనా 3 మి.మీ. స్టెయిన్‌లెస్ రేకు కోసిస్తారు. నాచ్ అంచు పల్చగా, ఏటవాలు దిగువ వైపుకి ఉండాలని గట్టిగా చెప్పు, తిరగేసి చేసేస్తారు. స్కేలు రేకు మీదే అంటించొద్దు, అక్కడ నీళ్లు వంగి దిగుతుంటాయి. గరిష్ఠ ఎత్తుకు నాలుగింతల దూరంలో, ఎగువన పాతు. ప్రవాహం సెకనుకు ఘనపు మీటర్లలో 1.38 × ఎత్తు^2.5, ఎత్తంటే గాటు అడుగు నుంచి నీటిమట్టం దాకా, మీటర్లలో. 10 సెం.మీ.కి సుమారు 4.4 లీటర్లు, 20 సెం.మీ.కి 24.7 లీటర్లు. ఎత్తు రెట్టింపైతే నీళ్లు అయిదున్నర రెట్లు దాటాయి చూశావా, అందుకే స్కేలులో అర సెంటీమీటరు తప్పు కూడా చిన్నది కాదు. 5 సెం.మీ. కన్నా తగ్గితే నీళ్లు రేకుకు అంటుకుని జారతాయి, సూత్రం పనిచెయ్యదు. అప్పుడు బకెట్టూ స్టాప్‌వాచీయే దిక్కు. రేకు కింద నుంచి నీళ్లు కారకుండా పాలిథిన్ పరిచి బంకమన్ను బాగా కూరు. రీడింగులు పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

ఆ పక్కనే ఈసీ (నీటి విద్యుత్ వాహకత, కరిగిన లవణాలు తక్కువైతే ఇదీ తగ్గుతుంది), ఉష్ణోగ్రత లాగర్ పెట్టి 15 నిమిషాలకోసారి రికార్డు చెయ్యి. వాన పడ్డ కొన్ని గంటల్లోనే ఈసీ పడిపోతే నీళ్లు గుల్లల్లోంచి నేరుగా వస్తున్నట్టు. ప్రవాహం పెరిగినా ఈసీ కాసేపు కదలకుండా ఉండి తర్వాత పడిపోతే, కొత్త నీరు ముందు పాత నీటిని తోసిందన్నమాట. అదేం కదలకపోతే సన్న పగుళ్ల ఊట. రోజుకోసారి చెంబుతో తెచ్చిన శాంపిల్‌లో ఇదంతా కనిపించదు.

నీటి లభ్యత తేలేది వానలు ఆగాక. ప్రవాహం సహజ లాగరిథమ్‌ను రోజులతో గీస్తే రెండు మూడు వాలులు వస్తాయి. నిటారుది గుల్లల ఖాళీ, చివరి మెల్లని వాలు పగుళ్ల నిల్వ. ఆ చివరి గీత మొదట్లో ప్రవాహం సెకనుకు 20 లీటర్లు, వాలు రోజుకు 0.01 అయితే నిల్వ 0.02 × 86,400 ÷ 0.01, అంటే 1,72,800 ఘనపు మీటర్లు. ఊట మట్టానికి దిగువనున్న నీరు ఇందులో లేదు. రిపోర్టులో ఆ మాట రాయి.

వాగు కొలతలన్నీ ఒక్క రోజులో ముగించు. పైనా కిందా కొలిచి, మధ్యలో కలిసే పాయలు కూడి, తోడుకునేవి తీసెయ్యి. ప్రవాహ మీటరు కొలతలోనే 5 నుంచి 10 శాతం తప్పుంటుంది, అంతకు లోపు తేడా చూసి ఇక్కడ వాగు ఇంకిపోతోందని రాసెయ్యకు. వ్యవసాయానికి కరెంటిచ్చే వేళల్లో వాగు మోటార్లన్నీ నడుస్తాయి, ఆ టైము తప్పించు. నాపరాయి క్వారీలు తోడి వదిలే నీళ్లు కూడా వాగులోకే వస్తాయి, అది ఊటనుకునేవు.

ఒకచోట ఇంకే నీళ్లలో రంగు పోసి అది ఏ ఊటలో తేలుతుందో చూసే రంగు పరీక్షకు యురానిన్ అనే రంగు చాలు. రోడమిన్-బి అనే రంగు జోలికి పోకు. పీచు మిఠాయిలో అది దొరికే 2024లో తమిళనాడు ఆ మిఠాయి అమ్మకాన్నే నిషేధించింది, నువ్వు జనం తాగే నీళ్లలో పోస్తావా? మూడు కిలోమీటర్ల దూరం, సెకనుకు 20 లీటర్ల ఊట, అక్కడ గరిష్ఠంగా 10 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో పది) కావాలంటే డజను గ్రాములు సరిపోతాయి. పొడిని కాలేజీ ల్యాబులోనే కలిపి సీసాల్లో తీసుకెళ్లు. పొడి గాల్లో లేస్తే నీ చేతులూ బ్యాగూ అన్నీ పాజిటివే. రంగు పోసిన మనిషి ఆ రోజు శాంపిల్ ముట్టుకోకూడదు. ఎండిన గుంటైతే ముందు ఒక ట్యాంకరు, రంగు తర్వాత ఇంకో ట్యాంకరు నీళ్లు పొయ్యాలి, లేకపోతే రంగంతా మట్టిలోనే ఉండిపోతుంది. దోమతెర గుడ్డలో రంగును పట్టుకునే యాక్టివేటెడ్ కార్బన్ మూటలు రెండు వారాల ముందే ఊటల్లో వేలాడదీసి, మనం పొయ్యకముందే అలాంటి రంగు ఆనవాలు ఎంతుందో చూసుకో. మూట చెప్పేది వచ్చిందా రాలేదా అన్నంతవరకే, ఎప్పుడు ఎంత వచ్చిందో కావాలంటే నీటి శాంపిళ్లు తియ్యాలి. వాటిని గోధుమరంగు సీసాల్లో పెట్టు, ఎండకు యురానిన్ విరిగిపోతుంది. పంచాయతీకి రాతపూర్వకంగా చెప్పకుండా చుక్క కూడా పొయ్యొద్దు. గుడి కోనేరులోకి వచ్చే ఊట జోలికి అసలే పోవద్దు.

ఇక బోర్లు. మట్టాల కన్నా బోరు లారీవాళ్ల జ్ఞాపకం నీకు విలువైనది. ఎన్ని అడుగుల దగ్గర రాడ్డు జారింది, ఎక్కడ "గ్యాపు" తగిలింది, కంప్రెసరు గాలి ఎక్కడ పోయింది, ఇవి అడుగు. ఆ లారీలు చాలావరకు తిరుచెంగోడువి, నాలుగు తమిళం ముక్కలు వస్తే పని జరుగుతుంది. పంపింగ్ టెస్టు చేస్తే మట్టం మెల్లగా దిగుతూ ఒక లోతు దగ్గర ఒక్కసారిగా కూలిపోవచ్చు, గుల్ల ఖాళీ అయిందన్నమాట. థీస్ సూత్రం రాయంతా ఒకేలా నీరు వదులుతుందనుకుని చేసే లెక్క, దాన్ని అలాంటి వక్రరేఖకు అతికించి అంకె తియ్యకు.

ప్రభుత్వ అంచనా పద్ధతిలో నిర్దిష్ట దిగుబడి (రాతి ఘనపరిమాణంలో బయటికి వదిలే నీటి వంతు) మామూలు సున్నపురాయికి 2 శాతం, గుల్లలు పడ్డదానికి 8. చదరపు కిలోమీటరులో మట్టం 3 మీటర్లు పెరిగితే మొదటి లెక్కన 60,000 ఘనపు మీటర్లు, రెండో లెక్కన 2,40,000. ఏది తీసుకోవాలో ఊట లెక్కతో సరిచూసి తేల్చు, పట్టిక చూసి కాదు.

కె.సి. (కర్నూలు-కడప) కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు ఆపుతారో ముందే కనుక్కో. పొలాల్లోంచి ఇంకిన కాలువ నీరు ఊటల్లో తేలితే వాన లెక్క, ఈసీ రెండూ చెడతాయి. ఆ తేదీలు చేతికొచ్చాక ప్లాను మళ్లీ రాసి పంపు. వీ-నాచ్ కొలతలు మాత్రం షాపుకిచ్చే ముందు నాకొకసారి చూపించు.

నీ చిన్నాయన