ఉప్పు తినేసిన బ్రేకు పైపులు మార్చాలంటే

చి. కిరణ్‌కి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నీ కారు బ్రేకు పైపుల ఫొటోలు చూశాను. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ముందుగా పట్టేది నీకు బ్రేకు ఫ్లూయిడ్ కారుతున్నచోటే. పెట్రోలు ట్యాంకు పైన, ప్లాస్టిక్ క్లిప్పుల కింద తడి ఆరదు. ఒక పైపుకి చిల్లు పడిందంటే పక్కదానిదీ అదే వయసు. వెనక్కి పోయే రెండూ మార్చేయ్.

గొట్టం 3/16 అంగుళాల నికెల్-కాపర్ కొను. తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది. చవకని ఉత్త రాగి గొట్టం మాత్రం వాడకు, అదురుకి చిట్లుతుంది. 25 అడుగుల చుట్ట రెండింటికీ చాలకపోవచ్చు, పాత పైపు దారిని తాడుతో కొలిచాకే షాపుకి వెళ్లు. 6 మూలల సాకెట్, ఫ్లేర్ నట్ రెంచీ (నట్టుని చుట్టూ పట్టేది), గొట్టం కోసే కట్టర్, ఫ్లేరింగ్ టూల్ (గొట్టం చివర అంచు మలిచేది), కారులో ఫ్లూయిడ్ పోసే డబ్బా మూత మీద రాసిన రకం బ్రేకు ఫ్లూయిడ్ ఒక లీటరు కావాలి. మామూలు రెంచీ పెడితే నట్టు మూలలు అరిగిపోతాయి.

కారుని జాక్ మీద వదిలి కిందికి దూరకు. గట్టి నేల మీద నాలుగు స్టాండ్లూ వెయ్యి. నట్లకి తుప్పు వదిలించే నూనె ముందు రోజు రాత్రే కొట్టు. ఎలాగూ పారేసే పైపే కాబట్టి నట్టుకి ఆనించి కోసేసి, సాకెట్ దూర్చి తిప్పు. కోసే ముందు పెడల్‌ని ఒకటి రెండు అంగుళాలు కిందికి నొక్కి, సీటుకీ దానికీ మధ్య కర్ర అడ్డం పెట్టు. డబ్బాలోని ఫ్లూయిడ్ కారిపోదు. బ్రేకు లైట్లు వెలుగుతూనే ఉంటాయి కనక బ్యాటరీ వైరు ఊడదీయ్.

అసలు పని ఫ్లేర్ దగ్గరే ఉంది, అంటే కారకుండా కూర్చునేలా గొట్టం చివర మలిచే అంచు. పాత పైపు చివర చూడు. నోరు గరాటులా లోపలికి మడిచి ఉంటే డబుల్ ఫ్లేర్, బయటికి ఉబ్బి ఉంటే బబుల్ ఫ్లేర్. ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు. డబుల్ ఫ్లేర్ సగంలో ఆపితే బబుల్ అవుతుందనుకుంటారు గానీ, వెనక ఆకారం వేరు, కారుతుంది. నట్లలోనూ 3/8-24 (అంగుళాల మర), ఎం10×1.0 (మిల్లీమీటర్ల మర) రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కొత్త నట్టు చేత్తో నాలుగు చుట్లు తేలిగ్గా తిరక్కపోతే అది దానిది కాదు, రెంచీ పెట్టకు.

కట్టర్‌తో నిటారుగా కోసి, లోపలి గరుకు గీకి, పొడి ఊదెయ్. ఫ్లేర్ కొట్టేముందు నట్టు ఎక్కించావా లేదా చూసుకో! అందరూ మరిచేది అదే, మళ్లీ కోసి మొదలెట్టాలి. ఫ్లేర్ ఒక పక్కకి ఒరిగినా, అంచు చీలినా మొహమాటం లేకుండా కోసి పారేయ్. మధ్యలో అతుకు తప్పదంటే రెండు ఫ్లేర్లని కలిపే ఫ్లేర్ యూనియనే వెయ్యి. గట్టిగా బ్రేకు తొక్కితే లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 1000 పౌండ్లు దాటుతుంది, ఫ్లేర్ లేకుండా రింగుతో నొక్కి పట్టే కంప్రెషన్ ఫిట్టింగు జారిపోతుంది.

పాత దారిలోనే, పాత క్లిప్పుల్లోనే బిగించు. ఎక్కడా ఎగ్జాస్టుకి, కదిలే భాగానికి తగలకూడదు.

పెడల్ దగ్గరి కర్ర తీసేసి, పైపుల్లో చేరిన గాలి తీయడానికి ఇంకొకరిని సీట్లో కూర్చోబెట్టు. ఏ చక్రం ముందో నీ కారు మాన్యువల్లో ఉంటుంది. తొక్కి పట్టినప్పుడు బ్లీడర్ (చక్రం దగ్గర గాలి వదిలే స్క్రూ) తెరువు, మూశాకే పెడల్ వదలమను. డబ్బా ఖాళీ అయితే మళ్లీ మొదటికి. పాత కారులో పెడల్ అడుగంటా తొక్కితే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఒత్తిడి పుట్టించేది) రబ్బర్లు లోపలి గరుకు మీద చీరుకుంటాయి, కింద చెక్కముక్క పెట్టు. ఎంత తీసినా మెత్తగానే ఉంటే గాలి ఏబీఎస్ యూనిట్లో (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఇరుక్కుని ఉండొచ్చు, కారు కంప్యూటరుకి తగిలించే స్కాన్ టూల్‌తో దాన్ని తిప్పించాలి.

చివర్లో బ్యాటరీ వైరు మళ్లీ తగిలించి, ఇంజను స్టార్ట్ చేసి ఒక నిమిషం గట్టిగా తొక్కి ఉంచమను. ప్రతి జాయింటూ టిష్యూతో తుడిచి చూడు. చెమ్మ తగిలితే నట్టు కొంచెం వదులు చేసి మళ్లీ బిగించు, చాలాసార్లు ఫ్లేర్ అప్పుడు కుదురుకుంటుంది. అయినా కారితే కొత్త ఫ్లేరే. పెయింటు మీద ఫ్లూయిడ్ పడితే వెంటనే నీళ్లు పొయ్యి. మొదట ఇంటి ముందే నడకంత వేగంలో తొక్కి చూడు, మర్నాడు పొద్దున ఇంకోసారి కిందికి దూరి చూశాకే రోడ్డెక్కు.

మీ మామయ్య