పికప్ హెడ్‌లైట్లు ఆటోనగర్ నుంచి తెప్పించుకోవచ్చా?

"పాత పికప్ కొన్నాను, రాత్రిపూట రోడ్డు ఆనడం లేదు. మావాళ్లు వచ్చేటప్పుడు బెజవాడ ఆటోనగర్ నుంచి లైట్లు తెమ్మననా?" గుంటూరు, విజయవాడల నుంచి అమెరికా వచ్చినవాళ్లు తరచూ అడిగే ప్రశ్నే ఇది.

వద్దండి. మనదేశంలో బండ్లు రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి డిప్ వెలుగు ఎడమ అంచున పైకి లేచేలా డూమ్ (బల్బు కూర్చునే హెడ్‌లైట్ గిన్నె) చేస్తారు. అమెరికాలో బండ్లు కుడివైపు నడుస్తాయి, ఎదుటి బండి వచ్చేది ఆ ఎడమ నుంచే. గురి సరిచేసే స్క్రూ ఎంత తిప్పినా ఆ వాలు మారదు. 100/90 వాట్ల బల్బు ఊసు అసలే ఎత్తకండి, 55 వాట్లకు చేసిన ప్లాస్టిక్ హోల్డరు వేడికి కరుగుతుంది.

హాలోజన్ డూమ్‌లో ఎల్ఈడీ బల్బు దూర్చడమూ అంతే. రిఫ్లెక్టర్‌ను సన్నటి ఫిలమెంటు ఎక్కడుంటుందో లెక్కగట్టి మలుస్తారు. చిప్పులు ఆ చోట సరిగ్గా కూర్చోకపోతే వెలుగు చెదిరిపోతుంది. కాజ టోల్‌గేటు దగ్గర ఎదురొచ్చే బండి మన కళ్లలో కొట్టినట్టే ఉంటుంది ఎదుటివాడికి. పైగా బండి లైట్లకు అమెరికా పెట్టిన ఫెడరల్ ప్రమాణం 108 దీన్ని ఒప్పుకోదు. ఎల్ఈడీయే కావాలంటే మీ మోడల్‌కు చేసిన, అద్దం మీద డీఓటీ (అమెరికా రవాణా శాఖ) అక్షరాలున్న డూమ్ మొత్తం మార్చండి.

చాలా బండ్లకు అంత ఖర్చు అక్కర్లేదు. పసుపెక్కిన అద్దమే అసలు దొంగ. చుట్టూ పెయింటుకు టేపు వేసి, నీళ్లు చల్లుతూ 800, తర్వాత 2000, 3000 నంబరు గరుకు కాగితాలతో రుద్దండి. ముందటి కాగితం గీతలు పూర్తిగా పోయాకే తర్వాతది పట్టాలి. పాలిష్ చేసి, తడి ఆరాక యూవీ క్లియర్ కోటు కొట్టండి. ఈ కోటు ఎగ్గొడితే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపు.

బల్బు హెచ్11 అయినా, హెచ్13 అయినా మాన్యువల్లో రాసిందే కొనండి. రెండువైపులా ఒకేసారి మార్చండి. గాజును వేళ్లతో ముట్టుకోవద్దు, చర్మం జిడ్డు అంటినచోట వేడి పెరిగి బల్బు తొందరగా పోతుంది.

అప్పటికీ వెలుగు చాలకపోతే, లైటు వెలిగించి బ్యాటరీ దగ్గర, హోల్డరు దగ్గర వోల్టేజీ కొలవండి. హోల్డరు దగ్గర పది శాతం తగ్గితే హాలోజన్ వెలుగు దాదాపు ముప్ఫై శాతం పడిపోతుంది. తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు గీకి బిగిస్తే చాలాసార్లు సమస్య అక్కడే తేలుతుంది. పాత బండికి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) వైరింగ్ వేయొచ్చు. రెండు 55 వాట్ల బల్బులు లాగేది సుమారు 9 ఆంపియర్లే. లైట్లను కంప్యూటర్ నడిపే కొత్త బండిలో మాత్రం మామూలు రిలే టకటక కొట్టుకుంటుంది, వేయకండి.

చివరి పని గురి చూడటం. చాలామంది వదిలేసేదీ ఇదే. టైర్లలో సరిపడా గాలి, ట్రక్కు రోజూ మోసేంత బరువు ఉంచి, చదును నేల మీద గోడకు 25 అడుగుల దూరంలో నిలపండి. బల్బు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద అదే ఎత్తున టేపు అంటించండి. డిప్ వెలుగు పైఅంచు ఆ టేపుకు సుమారు రెండంగుళాలు కింద పడాలి. మాన్యువల్లో వేరే కొలత ఉంటే అదే పాటించండి. ముందుభాగం ఎత్తే లెవెలింగ్ కిట్ వేయించినా, వెనక బరువు బాగా పెంచినా ఈ గురి తప్పుతుంది, మళ్లీ గోడ దగ్గరికి రావాల్సిందే.