మెడికల్ రిపోర్టులు దొంగల చేతికి చిక్కితే నష్టమేమిటి?

బ్యాంకు వివరాలు పోతే డబ్బు పోతుంది గానీ షుగర్ రిపోర్టు పోతే ఎవరికేం లాభమని మీరు అడిగారు. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మల్కాజిగిరిలో మా అమ్మకు కిడ్నీ పరీక్షలు చేయించిన నాలుగో రోజున ఒక ఫోను వచ్చింది. డాక్టరుగారి దగ్గర నుంచి మాట్లాడుతున్నానని చెప్పిన ఆ వ్యక్తి, "అమ్మా, మీకు క్రియాటినిన్ 1.8 వచ్చింది, సార్ మీకోసం మందు తెప్పిస్తున్నారు, ఈ రోజు బుక్ చేయకపోతే డయాలిసిస్ దాకా వెళ్తుంది" అని 8,500 రూపాయలు అడ్వాన్సు అడిగాడు. కేవైసీ అనే మాట వినగానే ఫోను పెట్టేసే మా అమ్మ ఈసారి పెట్టలేదు, ఎందుకంటే అతడు చెప్పిన అంకె తన ఫైల్లో ఉన్న అంకే. డబ్బు పంపడం చేతకాక నన్ను పిలిచింది కాబట్టి సరిపోయింది.

నేను ఫోను అందుకుని పేషెంటు వయసెంతని అడిగితే 58 అన్నాడు. అమ్మకు 68. డయాగ్నస్టిక్ సెంటర్ కౌంటర్లో వయసు తప్పు కొట్టారు, సరిచేయమని అడిగితే రిపోర్టుకేమీ తేడా రాదని పంపించేశారు. ఆ తప్పు మరే కాగితంలోనూ లేదు. పైగా వాళ్లు ఎస్సెమ్మెస్‌లో పంపిన లింకు ఏ ఓటీపీ అడగకుండా తెరుచుకునేది. ఆర్నెల్ల తర్వాత నొక్కి చూసినా రిపోర్టు అలాగే కనిపించింది. మేనేజరు మాత్రం తమ దగ్గర నుంచి ఏదీ బయటికి పోదని అన్నాడు.

కార్డు పోతే బ్లాక్ చేయించుకుంటాం, పాస్‌వర్డ్ మార్చుకుంటాం. వచ్చిన జబ్బునూ వాడిన మందులనూ మార్చుకునే వీలు లేదు. ఫిన్‌లాండ్‌లో వాస్తామో అనే మానసిక చికిత్సా సంస్థ రికార్డులను దొంగిలించినవారు 2020లో రోగులకే విడివిడిగా మెయిళ్లు పంపి, 200 యూరోల విలువైన బిట్‌కాయిన్ ఇవ్వకపోతే వారు చికిత్సలో చెప్పుకున్న మాటలను బయటపెడతామని బెదిరించారు. సంబంధం కుదిరే ముందు అమ్మాయి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లిందో కూడా ఆరా తీసే మన దగ్గర అలాంటి బెదిరింపుకు ఎంత బలం ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. ఇక మీ పేరుతో, మీ పాలసీ నంబరుతో ఎవరైనా దొంగ క్లెయిము పెడితే మీ బీమా పరిమితి తరిగిపోవడమే కాక, మీకు లేని జబ్బు మీ చరిత్రలో చేరుతుంది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సమాచారానికి తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చని చెబుతోంది. అయితే ఆ సొమ్ము భారత సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకు, జమ అవుతుంది గానీ బాధితుడి చేతికి రాదు, ఈ చట్టంలో నాకు నచ్చని అంశం ఇదే.

డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోను చేయండి. ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) ఉంటే మీ రికార్డులు చూడటానికి ఎవరెవరికి సమ్మతి ఇచ్చారో యాప్‌లో చూసుకుని, అవసరం తీరినవాటిని రద్దు చేయండి. మా అమ్మ ఇప్పుడు ఆసుపత్రి పేరుతో ఎవరు ఫోను చేసినా ముందు తన వయసెంతో చెప్పమంటోంది. అది చాలదని, ఫోను పెట్టేసి చీటీ మీదున్న నంబరుకు మనమే చేయాలని చెబుతున్నాను, ఎందుకంటే మొన్నటి రిపోర్టులో వయసు సరిగ్గానే పడింది.