హైదరాబాద్ - దుబాయ్: రెండున్నర గంటలేనా?

మీ నాన్నగారి దుబాయ్ టికెట్‌లో ప్రయాణం రెండున్నర గంటలే కనిపిస్తోంది, తప్పు పడిందా అని అడిగారు కదా. అందులో తప్పేమీ లేదండి, టెన్షన్ పడకండి. హైదరాబాద్‌లో ఉదయం 10:00కి బయలుదేరి 12:30కి దుబాయ్‌లో దిగడమంటే ప్రయాణం రెండున్నర గంటలు కాదు. టికెట్‌పై ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. అది కలిపితే 4 గంటలు.

దూరంతోనూ సరిచూడండి. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య నేరుగా దాదాపు 2,550 కిలోమీటర్లు. గంటకు 850 చొప్పున 3 గంటలు. రన్‌వే దాకా వెళ్లడానికి, పైకెక్కడానికి, దిగడానికి మరో అరగంట వేసుకోండి. మిగతాది ఎక్కువగా ఎదురుగాలి వల్లే. అంత ఎత్తున గాలి ఏడాదిలో ఎక్కువ కాలం పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ బలంగా.

అందుకే వచ్చేటప్పుడు టైమ్ కాస్త తగ్గుతుంది. అప్పుడు మాత్రం గంటన్నర తీసేయాలి. అక్కడ రాత్రి 10:00కి ఎక్కి ఇక్కడ తెల్లవారుజామున 3:00కి దిగితే ప్రయాణం మూడున్నర గంటలే. కానీ తేదీ మారిపోతుంది, ఎయిర్‌పోర్టుకు ఎదురెళ్లేవాళ్లకు అది ముందే చెప్పండి.